తాబేటి తొట్టి - దాని శుద్ధి



ఇంట పాము కనబడినచో కఱ్ఱకై పరుగెత్తుదుము. తాబేలు కనబడినచో చేతిలోనికి దీసికొని బిడ్డకు చూపుదుము. రెండును సరీసృపములే. కాని తాబేలు కూర్మావతారమును తలపించును గనుక దానియెడ మనకు భయము లేదు. పైగా అది యింట నున్న సిరి చేకూఱునని నమ్మువారును గలరు. ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి పట్టణములలో సైతము అద్దపు తొట్టిలో తాబేలును పెంచు వేడుక కలదు. బెంగుళూరు అంగళ్ళు మనకు దూరము గావు గదా! అచ్చట దొరకునది తఱచుగా కంటి వెనుక ఎఱ్ఱని చాఱ గల అమెరికా దేశపు నీటితాబేలు. కొనునపుడు అరచేతిలో నిముడును. పెరిగినచో జేనెడు దాటును. ఇరువది, ముప్పది యేండ్లు బ్రదుకును. ఈ ప్రాణి వసించు తొట్టిని శుద్ధిచేయు విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట ఒక హెచ్చరిక. రాయలసీమ పొడినేలలలో, ముండ్లపొదల నడుమ, డిప్పపై నక్షత్రముల వంటి పసుపుగీతలు గల మెట్టతాబేలు కలదు. దానిని నక్షత్ర తాబేలందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి దానిని పట్టుట గాని, యింట పెంచుట గాని నేరము. 2022లో జరిగిన సవరణచే అది మొదటి షెడ్యూలునకు చేరినది. 2019లోనే అంతర్జాతీయ వ్యాపారము నుండియు దానిని నిషేధించిరి. కనుక అట్టిది యెవరి యింటనైన నున్నచో అటవీశాఖవారికి అప్పగింపవలెను. తామే తీసికొనిపోయి హార్స్లీ కొండ పొదలలో విడుచుట పుణ్యకార్యమని తలపరాదు. ఇంటిలో దానికి సోకిన తెగులు అడవిలోని తోటి తాబేళ్ళకు అంటవచ్చును. ఎఱ్ఱచాఱ తాబేలును చెఱువులో విడుచుట మఱింత కీడు. పరదేశమున చేరి అచ్చటి ప్రాణుల నడగద్రొక్కు నూఱు దుష్టజాతులలో దాని నొకటిగా శాస్త్రజ్ఞులు పేర్కొనియున్నారు.

ఇక విషయమునకు వత్తము. తొట్టి శుద్ధి యేల? చూచుటకు ముచ్చటగా నుండుటకు మాత్రమే కాదు. సరీసృపముల ప్రేగులలో సాల్మొనెల్లా యను సూక్ష్మక్రిమి నివసించును. ఇది టైఫాయిడు క్రిమికి జ్ఞాతి. తాబేలునకు దీనివలన సాధారణముగా బాధ లేదు. అది హాయిగా తినుచు, ఈదుచు నుండును. కాని దాని మలముతో క్రిమి నీటిలోనికి, నీటినుండి డిప్పకు, డిప్పనుండి పిల్లవాని వ్రేళ్ళకు, వ్రేళ్ళనుండి నోటికి చేరును. అప్పుడు జ్వరము, కడుపునొప్పి, విరేచనములు కలుగును. అయిదేండ్ల లోపు శిశువులకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుతో నీరసించిన వారికి ఇది ప్రాణాంతకము కూడ కావచ్చును. అమెరికాలో చిన్న తాబేళ్ళ మూలమున పెక్కుమంది పిల్లలు జబ్బుపడగా, నాలుగంగుళములకన్న తక్కువ డిప్ప గల తాబేళ్ళను పెంపకమునకై అమ్మరాదని 1975లో శాసించిరి. అంత చిన్నవానిని పిల్లలు నోట బెట్టుకొనుటయే కారణము.

ఎంత కడిగినను తాబేలు కడుపులోని క్రిమిని మనము తొలగింపలేము. దానికి మందులు పోసి తొలగింప యత్నించుటయు తగదు. మనము చేయగలిగినది ఒక్కటే: తొట్టి నుండి వంటయింటికి, పసివాని నోటికి గల దారిని తెగగొట్టుట. శుద్ధి యనగా ఇదియే.

మన యిండ్లలో శుద్ధి యనగానే జ్ఞప్తికి వచ్చునది ఫినాయిలు సీసా. గచ్చునకు అది మంచిదే. సరీసృపముల గూటికి మాత్రము విషము. నల్ల ఫినాయిలులో తారునుండి తీసిన ద్రవ్యములు, తెల్ల ఫినాయిలులో దేవదారు జాతి చెట్ల తైలము ఉండును. తొట్టికి, మట్టికి, చెక్కకు పట్టిన యా వాసన చిరకాలము పోదు. ప్రాణి దానిని పీల్చును, నీటిద్వారా త్రాగును. కనుక తాబేటి తొట్టికి గాని, బల్లి పెట్టెకు గాని ఫినాయిలును తాకనీయరాదు.

దానికి బదులు చవుకగా దొరకునది బ్లీచింగు పొడి. 1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు ఈ జాతి సున్నపు నీటితోనే చేతులు కడిగించి, బాలింతల మరణములను మిక్కిలి తగ్గించెను. అయితే ఈ మందునకు ఒక లోపము గలదు. మురికి కనబడినచో దానిమీదనే తన బలమంతయు ఖర్చుపెట్టుకొనును. క్రిమిని చంపుటకు మిగులదు. జిగట పట్టిన గాజుపై మందు పోయుట, బురదకాలిమీద పసుపు పూయుట వంటిది. కనుక ముందు తోముట, తరువాత మందు. ఈ వరుస తప్పరాదు.

క్రమముగా చెప్పెదను. తొలుత విద్యుత్తును ఆపవలెను. నీరు వేడిచేయు గాజుగొట్టమును పావుగంట చల్లారనిచ్చి తీయవలెను. వేడిమీద బయటికి తీసినచో పగులును. ప్రాణిని మూత గల వేఱొక తొట్టిలో నుంచవలెను. అది మనవలె తన వేడిని తాను పుట్టించుకొనలేదు. కనుక చలిగాలిలో నుంచరాదు. పిదప పాత ఇసుక, పీచు, మిగిలిన తిండి తీసివేసి, మురికినీటిని మరుగుదొడ్డిలో పోయవలెను. వంటయింటి తొట్టిలో గాని, అంట్లు తోము చోట గాని, బావిగట్టున గాని పోయరాదు.

తరువాత వేడినీటితో, సబ్బుతో గోడలను, మూలలను, అతుకులను గట్టిగా తోమవలెను. మన ప్రాంతపు బోరునీటిలో సున్నపుపాలు హెచ్చు. అద్దముపై తెల్లని ఉప్పు పేరుకొని, దాని గరుకులో క్రిములు దాగియుండును. నిమ్మరసముతో గాని, వినెగరుతో గాని రుద్దిన నది కరగును. కాని ఈ పులుపు ఒక్క చుక్కయైన మిగులకుండ కడిగివేసిన పిదపనే బ్లీచింగు వాడవలెను. రెండును కలిసిన క్లోరిను వాయువు వెలువడి ఊపిరితిత్తులను కాల్చును. నీటితాబేటి మూత్రములో అమ్మోనియా యుండును. అదియు బ్లీచింగుతో కలిసిన విషవాయువే. ముందుగా కడుగుమనుటకు ఇది రెండవ కారణము.

ఇప్పుడు మందు. లీటరు నీటికి 15 గ్రాముల క్రొత్త బ్లీచింగు పొడి కలిపి, తేరిన నీటిని వంచుకొనవలెను. అంగడిలో దొరకు అయిదు పాళ్ళ హైపోక్లోరైటు ద్రవమైనచో ఒక వంతునకు తొమ్మిది వంతుల నీరు. మూత వదులుగా నుంచిన పాతపొడికి బలముండదు. కలిపిన నీటిని మఱునాటికి దాచరాదు. చేతికి రబ్బరు తొడుగులు వేసికొని, గాలియాడు చోట, గోడలన్నిటిని తడిపి పదినిమిషములు తడిగానే యుంచవలెను. వెంటనే తుడిచిన ఫలము లేదు. పిదప మంచినీటితో పలుమాఱులు కడిగి, వాసన బొత్తిగా పోవువఱకు ఆఱబెట్టవలెను.

రాళ్ళను తోమి, చల్లని నీటిలో వేసి, మెల్లగా మరగించి, అరగంట ఉడికింపవలెను. చెక్క, బెరడు వంటివి లోనికి మురికిని పీల్చుకొనును గనుక తఱచుగా మార్చుటయే మేలు. బల్లులకు, పాములకు వచ్చు క్రిప్టోస్పోరిడియము అను సూక్ష్మజీవి బ్లీచింగునకు లొంగదు. మరగు నీరు, పూర్తిగా ఎండుట, ఇవియే దానికి శత్రువులు.

ఒక్క వస్తువునకు మాత్రము మినహాయింపు. నీటిని వడగట్టు స్పంజిలో అమ్మోనియాను హరించు మేలుక్రిములు కాపురముండును. దానిని బ్లీచింగుతో కడిగిన అవియు చచ్చి, నీరు త్వరలో చెడును. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని పిండి, తిరిగి అమర్చవలెను. ప్రాణికి జబ్బు చేసినప్పుడు మాత్రము ఆ స్పంజిని పారవేసి క్రొత్తది పెట్టవలెను.

ఎండ మన సీమకు దేవుడిచ్చిన మందు. క్షయరోగులకై ఆరోగ్యవరమున వైద్యశాలను నెలకొల్పిన ప్రాంతపు ప్రజలకు ఎండయు, గాలియు చేయు మేలును వేఱుగ చెప్పనక్కఱలేదు. తొట్టి నోరు సూర్యునివైపు త్రిప్పి ఎండబెట్టవలెను. గాజు చాటున కిరణముల బలము తగ్గును. మదనపల్లెలో ఒక పూట చాలును. 4,000 అడుగులకు పైబడిన హార్స్లీ కొండపై, మంచు క్రమ్ము దినములలో, ఒక్కొకప్పుడు రెండు దినములైనను తడి యాఱదు. అచ్చటివారు పొడిగుడ్డతో తుడిచి, ఇంటిలోపల గాలికి నుంచి, అంతదాక ప్రాణిని వేఱు తొట్టిలోనే వెచ్చగా కాపాడవలెను. అయితే ఎండలో నుంచునది వట్టి తొట్టిని మాత్రమే. ప్రాణిని గాజుతొట్టిలో నుంచి ఎండలో పెట్టినచో, కొద్దిసేపటిలోనే ఉడికి చచ్చును.

మలమును, ఎంగిలి తిండిని ప్రతిదినము తీయవలెను. నీటిలో కొంతభాగమును వారమునకొకసారి మార్చవలెను; కుళాయినీటిని ఒక దినము నిలువయుంచి పోయుట మంచిది. నెలకొకసారి పైన చెప్పిన పూర్తిశుద్ధి. తిండిని వేఱు పాత్రలో పెట్టినచో తొట్టి అంత త్వరగా చెడదు. క్రొత్తగా తెచ్చిన ప్రాణిని ఒకటి రెండు నెలలు విడిగా నుంచవలెను. ఆరోగ్యముగా నున్న దాని పని ముందు, జబ్బు దాని పని తరువాత చేయవలెను. బక్కెట్టు, కుంచె, గుడ్డ దీనికే వేఱుగ నుంచి, వంటయింటి గడప దాటనీయరాదు. పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తాబేలును తాకిన పిల్లవానికి మీరే నిలబడి కడిగింపుడు, ముద్దుపెట్టుకొననీయకుడు.

ఇంత శ్రమ మావలన గాదనువారు ఇట్టి ప్రాణిని తెచ్చుకొనకుండుటయే దానికిని, తమకును క్షేమము. తెచ్చుకొన్నవారు మాత్రము ముందు తోముట, పిదప మందు, ఆపైన ఎండ, చివరకు చేతులు కడుగుకొనుట అను నాలుగు పనులను వరుస తప్పక చేసినచో, తొట్టిలో తాబేలును, ఇంటిలో పాపడును చల్లగా నుందురని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.