కాలువ నీరును, మునిగిన యూళ్లును

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రైతు సోదరులకు నాగార్జునసాగర్ ఎడమకాలువను గూర్చి మేము క్రొత్తగా జెప్పవలసినదేమియు లేదు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపనము జరిగి, 1967 ఆగష్టులో కాలువలకు నీరు వదలబడినది. మన మెట్టచేలు వరిమళ్లయినవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వెలసినవి. ఆ జలాశయమున నాగార్జునకొండ లోయ మునిగినది. అచ్చటి బౌద్ధ శిథిలములను త్రవ్వి, కొన్నిటిని కొండపై నిలిపిరి. ఆ లోయలో దున్నుకొని బ్రతికినవారిని దలచువారు తక్కువ.

పిమ్మట ఆ వంతు మనవైపే వచ్చినది. దిగువ కృష్ణా డెల్టా పైరులకై 45.77 టి.ఎం.సి.ల నిల్వతో కట్టిన పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభింపబడినది. నేటి సూర్యాపేట జిల్లాలోని నెమలిపురి, వెల్లటూరు, చింత్రియాల, అడ్లూరు మొదలగు కృష్ణయొడ్డు గ్రామములు దాని ముంపున బడినవి.

మేమొక పునరావాస కాలనీకి బోయితిమి. వీధులు తిన్నగా నున్నవి. ఒక వృద్ధ రైతు మమ్ము గూర్చుండబెట్టి, "ఇల్లయితే మంచిగనే ఉన్నది సారూ, బర్రెనెక్కడ కట్టెయ్యాలె?" అనెను. ఆయన యేటియొడ్డు నల్లరేగడిలో మిరప, ప్రత్తి పండించినవాడు. పరిహారపు సొమ్ముతో రెండెకరముల ఎఱ్ఱచెలక కొని, రేగడి లెక్కనే తడులు పెట్టెను. రేగడి పదును నిలుపును, చెలక నిలుపదు. పైరెండినది. చెఱువుమట్టి తోలి, పశువులయెరువు వేసి, తక్కువ నీటితో తఱచుగా తడి పెట్టవలెనని యాయనకు జెప్పినవారు లేరు. మావంటివారు మూటముల్లె విప్పకముందే యచ్చటికి బోవలసియుండెను.

1894 నాటి భూసేకరణ చట్టము భూమి వెలనే ప్రధానముగా నెంచినది. 2014 జనవరి 1 నుండి అమలైన క్రొత్త చట్టమో, మూడేండ్లుగా ఆ భూమిపైననే జీవించు కౌలుదారులను, కూలీలను గూడ నష్టపోయిన కుటుంబములుగా గుర్తించును. కాని నోటిమాట సాక్ష్యము కాదు. కౌలుదారులు విత్తనపు, ఎరువుల రసీదులు తమ పేరనే తీసికొని భద్రపఱచుకొనవలెను. బావి, చెట్లు, కొట్టము సర్వేలో వ్రాయబడినవో లేదో దగ్గర నిలిచి చూచుకొనవలెను. సంఘపు అప్పున్నచో పరిహారము చేతికి రాకముందే కార్యదర్శితో లెక్క తేల్చుకొనుట మేలు.

ఆ వృద్ధుడు పాత యూరి పచ్చజొన్న విత్తనము రెండు మానికలు బూడిదలో గలిపి దాచియుంచెను. చెలకలో నిలుచునా యని యడిగెను. తొలకరికి గట్టు ప్రక్కన నాలుగు సాళ్లు వేసి చూతమని చెప్పి వచ్చితిమి.