భద్రాద్రి ఓటరు, దేవుణ్ణి నమ్మని పార్టీ

గోదావరి ఎడమ గట్టున సీతారామచంద్రస్వామి కొలువైన భద్రాచలం రామభక్తికి తెలుగునాట అన్నిటికన్నా పేరుపడిన క్షేత్రం కాగా, అదే పేరుగల శాసనసభ నియోజకవర్గం 1985 నుంచి 2014 దాకా జరిగిన ఏడు సాధారణ ఎన్నికల్లో ఆరుసార్లు మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థినే గెలిపించింది. 1985, 1989, 1994లలో కుంజా బొజ్జి, 1999, 2004, 2014లలో సున్నం రాజయ్య ఆ స్థానానికి ప్రాతినిధ్యం వహించగా, నడుమ 2009లో మాత్రం కాంగ్రెస్ పక్షాన కుంజా సత్యవతి ఎన్నికయ్యారు. గిరిజనులకు కేటాయించిన ఈ స్థానంలో బొజ్జి, రాజయ్య ఇద్దరూ కోయ తెగవారే, ఇద్దరూ వరరామచంద్రాపురం మండలంలోని అడవి పల్లెల నుంచి వచ్చినవారే. శ్రీరామనవమికి లక్షల మంది తరలివచ్చే ఊరు, దేవుడి ఉనికిని ఒప్పుకోని సిద్ధాంతం గల పార్టీని ఇన్నేళ్లు ఎలా ఆదరించిందన్న ప్రశ్న, ప్రజాప్రతినిధుల విశ్వాసానికీ వారి పదవికీ ఉండవలసిన సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి మంచి దారి చూపుతుంది.

కమ్యూనిస్టు పార్టీల తాత్త్విక పునాది భౌతికవాదం, అంటే ప్రకృతికి అతీతమైన శక్తి ఏదీ లేదనీ, మనిషి ఆలోచనలూ మతాలూ అతని జీవన పరిస్థితుల నుంచే పుడతాయనీ చెప్పే దృక్పథం. అయితే నాస్తికత్వాన్ని సభ్యత్వానికి షరతుగా పెట్టడానికి ఈ పార్టీలు మొదటినుంచీ వెనుకాడాయి. 1905లో మతం గురించి రాసిన వ్యాసంలో లెనిన్, పార్టీ కార్యక్రమంలో నాస్తికత్వాన్ని ఎందుకు ప్రకటించడం లేదో వివరిస్తూ, పరలోకం గురించిన అభిప్రాయభేదం కంటే ఈ లోకపు పోరాటంలో కార్మికుల ఐక్యత ముఖ్యమని వాదించారు. శతాబ్దం తరువాత కూడా ఈ చిక్కు తీరలేదు. నాయకశ్రేణి మతాచారాలకు దూరంగా ఉండాలని సీపీఎం 2009లో దిద్దుబాటు పత్రంలో చెప్పినప్పుడు, కేరళలోని ఆలప్పుళ మాజీ లోక్‌సభ సభ్యుడు, క్రైస్తవ విశ్వాసి అయిన కె.ఎస్. మనోజ్ 2010 జనవరిలో పార్టీని వదిలి వెళ్లిపోయారు.

భద్రాచలం అడవుల్లో ఆ చర్చ ఎన్నికల సభ దాకా రానేలేదు. అక్కడి ఓటరు ముందున్న ప్రశ్నలు పోడు భూమి, తునికాకు కట్ట ధర, అటవీ శాఖ కేసులు, గిరిజనేతరుల చేతికి జారిపోయే సేద్యపు భూములు. ఏజెన్సీలో గిరిజనేతరుల పేరిట భూమి బదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటవ నిబంధన, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, అమలు కావాలనీ, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు రావాలనీ ఎవరు వెంటపడతారో వారికి ఓటు పడింది. శాసనసభ్యుడై ఉండి ఆర్టీసీ బస్సులో తిరిగిన రాజయ్య నిరాడంబరత ఈ నమ్మకాన్ని మరింత పెంచింది. పొరుగున ఇల్లెందులో ఐదుసార్లు గెలిచిన మార్క్సిస్టు లెనినిస్టు నాయకుడు గుమ్మడి నర్సయ్య, సుజాతనగర్‌లో సీపీఐ తరఫున పదే పదే ఎన్నికైన మహమ్మద్ రజబ్ అలీ ఉదంతాలూ ఇదే చెబుతాయి. హిందువులు అధికంగా ఉన్న పల్లెలు రజబ్ అలీ పుట్టిన మతాన్నీ పట్టించుకోలేదు, ఆయన పార్టీ సిద్ధాంతాన్నీ పట్టించుకోలేదు.

ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. కోయల విశ్వాసాన్ని భద్రాద్రి ఆలయ సంప్రదాయంతో ఒకటిగా లెక్కించడం పొరపాటు. వారికి గట్టు పేరిట, అంటే గోత్రం వంటి వంశవిభాగం పేరిట, వేరువేరు వేల్పులున్నారు. విత్తనం వేసే ముందు భూమి పండుగ, పంట చేతికొచ్చాక కొత్తల పండుగ, ఊరి చివర ముత్యాలమ్మ, రెండేళ్లకొకసారి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర వారి ఆరాధనకు ప్రధాన రూపాలు. ఈ ఆచారాల్లో చాలావరకు నేలతోనూ అడవితోనూ ముడిపడినవి కాబట్టి, నేలను కాపాడతానన్న పార్టీ దేవుణ్ణి నమ్ముతుందా లేదా అన్నది ఆ గూడేలకు అంత పెద్ద ప్రశ్నగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆలయం వైపు నుంచి చూసినా, పాలకుడి సొంత మతం ఇక్కడ ఎన్నడూ అడ్డు కాలేదు. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న, భక్త రామదాసుగా ప్రసిద్ధుడు, శిస్తు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాల పాలైన కథ అందరికీ తెలిసిందే. స్వామి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం అదే గోల్కొండ నవాబు తానీషా కాలం నుంచి వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. షియా ముస్లిం పాలకుడి పేరుతో ముడిపడిన ఆ మర్యాదే నేడు ప్రభుత్వ లాంఛనంగా మారి, ముఖ్యమంత్రో ఆయన తరఫున మంత్రో పట్టువస్త్రాలు, తలంబ్రాలు సమర్పిస్తున్నారు. అక్కడ సమర్పించేది రాజ్యపీఠమే గాని ఆ పీఠం మీదున్న మనిషి భక్తి కాదన్న ఎరుక ఈ ఆచారంలోనే ఉంది. దాన్ని నేటి నాయకులు గుర్తుంచుకుంటే ఎంతో మేలు.

రాజ్యాంగం కూడా ఈ తేడాను స్పష్టంగానే పాటించింది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ పీఠికను దేవుని పేరుతో ఆరంభించాలని హెచ్.వి. కామత్ ప్రతిపాదించగా, రాజ్యాంగ సభ 41 ఓట్లకు ఎదురుగా 68 ఓట్లతో దాన్ని తోసిపుచ్చింది. విశ్వాసులకు అన్యాయం జరగకుండా, ఎన్నికైన సభ్యులు దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చనీ లేదా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేయవచ్చనీ మూడవ షెడ్యూలు రెండు దారులు తెరిచింది. ఈ రెండో దారి ఎంత విలువైనదో బ్రిటన్ చరిత్ర చెబుతుంది. 1880లో నార్తాంప్టన్ నుంచి ఎన్నికైన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లాను దేవుడి పేరు లేని ప్రతిజ్ఞ చేయనివ్వక, తరువాత ప్రమాణం చేస్తానన్నా ఒప్పుకోక, ఓటర్లు మళ్లీ మళ్లీ గెలిపించి పంపినా పార్లమెంటు 1886 దాకా సభలో స్థిరంగా కూర్చోనివ్వలేదు. ప్రతిజ్ఞ హక్కు అక్కడ చట్టమైంది 1888లోనే. భారతదేశంలో ఏ నాస్తికుడికీ ఆ అవమానం ఎదురుకాకపోవడం రాజ్యాంగ నిర్మాతల దూరదృష్టి ఫలం, అందుకు వారికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

చట్టం తెరిచిన తలుపును సమాజం ఎంతవరకు తెరిచిందన్నది వేరే ప్రశ్న. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలి పురపాలక సంఘ అధ్యక్షుడిగా ఉండి గంగానమ్మ కొలుపులో జంతుబలిని నిషేధించినప్పుడు అవిశ్వాస తీర్మానంతో పదవి పోగొట్టుకున్నారు, తరువాత తిరిగి సంపాదించుకున్నారు. ఆయన హేతువాది అని తెలిసే ఆయనను ఎన్నుకున్న పట్టణం, ఆ భావాలు పండుగ మీదికి వచ్చేసరికి ఎదురు తిరిగింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా కుమార్తె చెన్నుపాటి విద్య, 1980లోనూ 1989లోనూ కాంగ్రెస్ పక్షాన విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తండ్రి దేశమంతా తిరిగి నాస్తికత్వాన్ని ప్రచారం చేసిన మనిషైనా, కనకదుర్గమ్మ కొండ కింది నగరం కూతురిని రెండుసార్లు దీవించింది.

ఈ ఉదాహరణల వెలుగులో చూస్తే, ఓటరుకు నాయకుడి అవిశ్వాసం మీద ఉన్న సహనం, నాయకులకు ఓటరు మీద ఉన్న నమ్మకం కంటే ఎక్కువని చెప్పక తప్పదు. కొన్ని దశాబ్దాలుగా అన్ని పక్షాల వారూ తిలకంతో, యాగంతో, మొక్కుబడితో తమ భక్తిని చాటుకోవడానికి పోటీ పడుతున్నారు. తెలంగాణ వస్తే చెల్లిస్తానన్న మొక్కు కింద 2017 ఫిబ్రవరిలో నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు తిరుమల శ్రీవారికి సుమారు 5 కోట్ల రూపాయల ఆభరణాలు ప్రభుత్వ నిధులతో సమర్పించారు. మొక్కు ఆయనది, సొమ్ము ప్రజలది. ఏ మతానికి చెందిన ముఖ్యమంత్రి చేసినా ఇది తప్పే, ఎందుకంటే ఆ సొమ్ములో ఆ దేవుణ్ణి కొలవని వారి పన్ను కూడా ఉంది.

కమ్యూనిస్టులకూ ఒక లోటు అంటగట్టక తప్పదు. ఇన్నేళ్ల గెలుపులో తమ లోకదృష్టిని గూడేలలో బహిరంగంగా చర్చకు పెట్టడానికి వారు పెద్దగా పూనుకోలేదు. చేతబడి నెపంతో మనుషులపై దాడులు జరిగే ప్రాంతంలో ఆ చర్చ ఎంతో అవసరం. ఓట్ల కోసం మౌనం వహించారనడం కఠినంగా తోచవచ్చు గాని, వేరే సమాధానం దొరకదు.

2014 ఎన్నికలయ్యాక కొద్ది వారాలకే, పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బొజ్జి, రాజయ్యల సొంత ఊళ్లూ, పార్టీకి పట్టున్న అనేక కోయ పల్లెలూ అటు వెళ్లిపోగా, భద్రాచలం పట్టణమూ ఆలయమూ ఇటు మిగిలాయి. 2018లోనూ 2023లోనూ ఆ స్థానంలో సీపీఎం గెలవలేదు.