పంటి వేరు పుచ్చు: పేస్టు ఒకవైపు, పంచదార ఒకవైపు

ఇండియా నుంచి ఆర్నెల్లకు వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో ఆవకాయతో పాటు పళ్లపొడి డబ్బానో, ఫ్లోరైడ్ లేని మూలికల పేస్టో ఉంటుంది. మా అత్తమ్మది నల్గొండ. "ఆ ఫ్లోరైడ్‌తోనే మా దిక్కు మనుషులు వంగిపోయిన్రు, మళ్ల అదే నోట్ల పెట్టుకోమంటవా?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. కెమిస్ట్రీ చదివినందుకు కాస్త లెక్క చెప్పాను.

లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు రోజుకు 3 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు కడుపులోకి పోతుంది. అదీ చిన్నప్పటి నుంచి, ఏళ్ల తరబడి. ఇక్కడ అమెరికాలో మామూలు పేస్టు గ్రాములో ఉండేది సుమారు 1.1 మిల్లీగ్రాములు. అందులోనూ ఎక్కువ భాగం ఉమ్మేస్తాం. నల్గొండ గోస మింగిన నీళ్లది. పేస్టు పని పంటి పైనే.

పెద్దవాళ్లకు ఆ పని మనకంటే ఎక్కువ అవసరం. వయసుతోనో, గట్టిగా రుద్దడం వల్లనో చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ ఉండదు. ఎనామిల్ కరగాలంటే నోటిలో పీహెచ్ సుమారు 5.5కు పడిపోవాలి. వేరుకైతే 6.2, 6.7 మధ్యే కరుగుడు మొదలవుతుంది. అంటే పైపంటికి ఏమీ చేయని కొద్దిపాటి పులుపు కూడా వేరును తినేస్తుంది. పైగా మొదట్లో నొప్పి ఉండదు.

ఆ పులుపు తయారుచేసేది పంచదారను తినే బ్యాక్టీరియా. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ పడిపోతుంది, లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎన్ని చెంచాలు అన్నదాని కంటే ఎన్నిసార్లు అన్నది చూడాలి. భోజనంతో పాటు తిన్న లడ్డూ కంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఐదుసార్లు చప్పరించే తీపి చాయ్ ఎక్కువ చేటు. బెల్లం, తేనె మంచివంటారు గానీ, బ్యాక్టీరియాకు ఆ తేడా తెలియదు! బీపీ, ఎలర్జీ, డిప్రెషన్ మందుల్లో కొన్ని నోరు ఎండబెడతాయి. దానికి విరుగుడుగా చక్కెర బిళ్లలు చప్పరిస్తే రెండు దెబ్బలూ ఒకేసారి. పంచదార లేని బిళ్లలు దొరుకుతాయి.

ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు, అందులో ఒకటి పడుకునే ముందు, మెత్తని బ్రష్‌తో తోమాలి. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోవాలి. మనవాళ్లకు గ్లాసుడు నీళ్లతో పుక్కిలిస్తే గానీ తృప్తి ఉండదు, కానీ అలా చేస్తే ఫ్లోరైడ్ అంతా సింకులోకే. వేరు అప్పటికే మెత్తబడితే డెంటిస్టు 5000 పీపీఎం పేస్టు రాస్తారు, తొలిదశలో దానితో మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది. అది పిల్లలకు అందకుండా పెట్టండి.

విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి మామూలు పంటి వైద్యం వర్తించదు. టికెట్ కొనేటప్పుడే, అక్కడ ఒకసారి పళ్లు చూపించుకుని, చిగురు అంచులు ప్రత్యేకంగా చూడమని అడిగి రమ్మనండి.