అర చుక్క డీజిల్

"స్పార్క్ ప్లగ్గే లేదు కదా సార్, మరి మంట ఎవరు పెడతారు?" పలమనేరు దగ్గర ఒక బావిగట్టున పాత 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజనును గోనెపట్టా మీద విప్పి పరిచినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన మాట ఇది. ఎవరూ పెట్టరు. సైకిలు పంపు గట్టిగా కొట్టి దాని అడుగుభాగం ముట్టుకుంటే చురుక్కుమంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఈ ఇంజను గాలిని ఇంచుమించు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. అప్పుడా గాలి ఐదు వందల డిగ్రీలు దాటుతుంది. అందులో పడ్డ డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది.

నాకు అంతకన్నా రుచించే ప్రశ్న వేరే ఉంది: ఆ డీజిల్ లోపలికి ఎలా వెళ్తుంది? నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో రెండు చుట్లకొకసారి చొప్పున 750 పిచికారీలు. గంటకు లీటరు పైచిలుకు తాగుతుందని లెక్కేస్తే, ఒక్కో విడతకు వచ్చేది కంటిమందు చుక్కలో సగం. ఆ అర చుక్కను వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్ల ఒత్తిడితో, రెండు మూడు మిల్లీసెకన్లలో, పొగమంచులా చిమ్మాలి. లోడు పెరిగితే కాస్త ఎక్కువ, తగ్గితే కాస్త తక్కువ.

ఈ ఇంజనుకు పేరిచ్చిన రుడాల్ఫ్ డీజిల్‌కు ఇది చేతకాలేదు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజను ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా పనిగా మార్చి ఇంజనీర్లను నివ్వెరపరిచిన మాట నిజమే. కానీ ఇంధనాన్ని ఊదడానికి పక్కనే ఒక ఎయిర్ కంప్రెసర్ కావాల్సి వచ్చింది. ఆ బరువుతో ఫ్యాక్టరీలకూ ఓడలకూ సరిపోయింది గానీ బావిగట్టుకు రాలేకపోయింది. ఆయనకు ముందే, 1890లో, ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ అనే మనిషి కంప్రెసర్ జోలికి పోకుండా పంపుతోనే ఇంధనాన్ని నేరుగా తోసే ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. అయితే ఆయన ఇంజను గాలిని అంతగా నొక్కదు. తలమీది బుడ్డిని బ్లోల్యాంపుతో ఎర్రగా కాల్చాకే పని మొదలుపెడుతుంది. అసలు డీజిల్ ఇంజను ఎవరిదని ఇద్దరి అభిమానులూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. నా తీర్పు అడిగితే, మన షెడ్డులోని ఇంజనుకు నిప్పు డీజిల్‌ది, పంపు స్టువర్ట్‌ది. 1913లో రుడాల్ఫ్ డీజిల్ ఒక ఓడ మీంచి మాయమైన కథ అందరూ రాసేదే, వదిలేద్దాం. స్టువర్ట్ 1927లో పోయాడు. సరిగ్గా ఆ ఏడాదే జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపుల తయారీ మొదలుపెట్టింది.

ఆ పంపులోని ప్రాణం పెన్సిలంత లావున్న ఒక ఉక్కు కడ్డీ, దానికి తొడిగిన గొట్టం. మెకానిక్కులు ఈ జతను 'ఎలిమెంట్' అంటారు. క్యామ్ అనే ఉబ్బెత్తు చక్రం ఈ కడ్డీని ప్రతిసారీ ఒకే ఎత్తుకు తోస్తుంది, ఏమాత్రం తేడా ఉండదు. మరి డీజిల్ ఎక్కువ తక్కువలెలా? కిటుకు కడ్డీ ఒంటిమీద ఏటవాలుగా కోసిన గాడిలో ఉంది. కడ్డీ పైకి వెళ్తూ గొట్టం గోడలోని రంధ్రాన్ని మూసేస్తుంది. చిక్కుకున్న డీజిల్‌కు వేరే దారి లేక నాజిల్‌ను నెట్టుకుని బయటపడుతుంది. ఇంకాస్త పైకి వెళ్లేసరికి ఏటవాలు అంచు ఆ రంధ్రానికి ఎదురవుతుంది. దారి తెరుచుకుంటుంది, ఒత్తిడి కూలిపోతుంది, పిచికారీ ఠక్కున ఆగుతుంది. కడ్డీని కొద్దిగా తిప్పితే ఏటవాలు అంచు రంధ్రానికి ముందో వెనకో ఎదురవుతుంది. అంతే! తిప్పే పని, వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ గుండ్లది. ఇంజను వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుని కడ్డీని ఒకవైపు తిప్పుతాయి, తగ్గితే రెండోవైపు. మనం స్టాప్ లివర్ లాగినప్పుడు కడ్డీ మీది నిలువు గాడి రంధ్రానికి ఎదురుగా నిలబడుతుంది, ఎంత తోసినా ఒత్తిడి పుట్టదు, ఇంజను ఆగుతుంది.

ఈ జతకు రబ్బరు వాషర్లేవీ ఉండవు. కడ్డీకీ గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో. అందుకే ఒక కడ్డీని మరో గొట్టంలో వేయకూడదు, డీజిల్ వడపోయకుండా ట్యాంకులో పోయకూడదు. పలమనేరు, కుప్పం వైపు ఈ పంపుల మీద కనిపించే 'మైకో' పేరు దూరానిదేమీ కాదు. 1951లో పక్కనే బెంగళూరులో పుట్టిన కంపెనీ అది.

సొంతంగా బాగుచేయాలనుకునేవాళ్లు మొదట నేర్వాల్సింది ఎయిర్ తీయడం. ట్యాంకు అడుగంటితే పైపులోకి గాలి దూరుతుంది. నొక్కితే డీజిల్ కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. కడ్డీ దెబ్బంతా బుడగను కుదించడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా డీజిల్ కారనివ్వాలి. తర్వాత పంపు దగ్గర. చివరికి నాజిల్ పైపు నట్టు సడలించి, సిలిండరులో గాలి నొక్కుడు పడకుండా ఆపే డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పాలి. నట్టు బిగించాక తిప్పితే లోపల 'కిర్రు కిర్రు' మంటుంది. ఆ చప్పుడు వినబడితే ఇంజను ఇక లేస్తుంది. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. వెనక్కి తన్నితే విరిగేది ముందు అదే.

యూరప్‌లో పాత తెరచాప పడవ కొనుక్కున్నవాళ్లూ ఇదే పాఠంతో మొదలుపెడతారు. గాలి పడిపోయినప్పుడు ఒడ్డుకు చేర్చడానికి పడవ అడుగున ఇలాంటి ఒకటి రెండు సిలిండర్ల డీజిల్ ఇంజనే ఉంటుంది. ఇంజనును చల్లబరిచే వాళ్ల నీటి జాకెట్‌ను ఉప్పు తినేస్తుంది, మన జాకెట్‌లో సున్నం పేరుకుంటుంది.

మనకు మరో చిక్కు ఎత్తు. సముద్రమట్టం దగ్గరే, ఇంజను తిప్పే నీళ్ల పంపు బావి నీటిని పది మీటర్లకు మించి పీల్చలేదు. ఏడు వందల మీటర్ల ఎత్తున్న పలమనేరులో గాలి పల్చన, పీల్చే లోతు ఇంకా తక్కువ. అందుకే నీళ్లు దిగేకొద్దీ ఇంజనునూ బావిలోపలి మెట్టు మీదికి దించేవాళ్లు. పొగ పైకి రాక లోపలి మనుషుల ప్రాణం మీదికొచ్చేది. తర్వాత బోర్లొచ్చాయి, సబ్‌మెర్సిబుల్ మోటార్లొచ్చాయి, 2004లో ఉచిత కరెంటు వచ్చింది, ఇంజన్లు షెడ్డు మూలకు చేరాయి.

మీ షెడ్డులోనూ ఒకటి ఉంటే ట్యాంకు నిండుగా పోసి ఉంచండి. సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి తేమ నీరై అడుక్కి దిగుతుంది. ఆ నీళ్లు ఎలిమెంట్ దాకా చేరితే తుప్పు పట్టి కడ్డీ గొట్టంలోనే పట్టేస్తుంది.