మొక్కు ఆగుతుంది, మందు ఆగరాదు

ఏడుకొండలవాడికి ఆపదమొక్కులవాడని పేరు. బిడ్డకు క్యాన్సరని తెలిసిన క్షణాన మన సీమ తల్లి నోట ముందుగా వెలువడేది మొక్కే. బిడ్డ దక్కితే తలనీలాలు సమర్పిస్తాననీ, నిలువుదోపిడి ఇస్తాననీ స్వామికి చెప్పుకుంటుంది. ఆ మొక్కును తప్పుపట్టగలవారెవరు? అయితే ఆ తరువాత సాగే రెండు మూడేళ్ల చికిత్సలో ఆ కుటుంబానికి దొరికే తోడు మీదనే బిడ్డ ఆయువు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది రక్తక్యాన్సర్. సంపన్న దేశాలలో క్యాన్సర్ సోకిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారనీ, అనేక పేద, మధ్యాదాయ దేశాలలో 30 శాతం కూడా దక్కడం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, మందులు అందకపోవడంతో పాటు చికిత్సను మధ్యలో మానివేయడం కూడా ఇందుకు కారణమే. రక్తక్యాన్సర్‌లో తరచు తొలి నెల మందులకే జ్వరం తగ్గి బిడ్డ ఆటల్లో పడతాడు. స్వామి కరుణించాడని ఇల్లు చేరతారు. కంటికి కనిపించక మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. తిరగబెట్టిన వ్యాధి మొండిది.

వారిని అజ్ఞానులనడం అన్యాయం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా సాగుతున్న పథకం చికిత్స ఖర్చును భరిస్తుంది. పోయిన కూలిని ఎవరిస్తారు? అవ్వ దగ్గర వదిలి వచ్చిన రెండవ బిడ్డను ఎవరు చూస్తారు?

తిరుపతిలో తోడుకు పునాదులు ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన స్విమ్స్ 1993 నుంచి సేవలందిస్తోంది. టాటా ట్రస్టుల చేయూతతో అలిపిరి సమీపాన నిర్మించిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ 2022లో ప్రారంభమైంది. ఖరీదైన వైద్యం భరించలేని పేదలకోసం దేవస్థానం ప్రాణదాన ట్రస్టును నడుపుతోంది. చిత్తూరు వైపు వారు ఎక్కువగా వేలూరు సీఎంసీకి వెళతారు. కొరతంతా బసతోనే. సత్రం గది రోజుల లెక్కన దొరుకుతుంది, ఈ బిడ్డలకు నెలల లెక్కన కావాలి. ముంబైలో 2006లో మొదలై హైదరాబాద్‌కూ విస్తరించిన సెయింట్ జూడ్ కేంద్రాలలో ప్రతి కుటుంబానికీ ఉచితంగా ఒక గది, వంటకు చోటు ఇస్తారు. తల్లి తన చేత్తో వండి పెట్టుకుంటుంది. సత్రాలకు పుట్టినిల్లయిన మన ఊరికి ఇది కొత్త పాఠమేమీ కాదు.

మందుల వల్ల జుట్టు రాలిన బిడ్డను ఇతర ఊళ్లలో వింతగా చూస్తారు. తిరుపతి వీధుల్లో గుండుతో ఉన్న పిల్లవాడిని ఎవరూ తిరిగి చూడరు. కల్యాణకట్ట ఈ ఊరికి తెలియకుండానే చేసిన మేలిది.

మేలు చేయని మాట ఒకటుంది. పరామర్శకు వచ్చిన బంధువులు పూర్వజన్మ పాపమంటారు. తల్లిదండ్రుల నడవడి వల్ల ఈ వ్యాధి రాదు. చాలామంది పిల్లల్లో దీనికి కారణమేదో వైద్యశాస్త్రానికే తెలియదు. భక్తి పేరిట ఆ తల్లిని దోషిగా నిలబెట్టడం భక్తి అనిపించుకోదు.

ఇక మొక్కు సంగతి. చికిత్స నడుమ తెల్లకణాలు బాగా తగ్గిన రోజుల్లో బిడ్డను జనసమ్మర్దంలోకి, క్యూలోకి తీసుకెళ్లరాదు. తీర్థమైనా ప్రసాదమైనా వైద్యుని అడిగాకే. పసుపు గుడ్డలో కాసు చుట్టి, ముడుపు కట్టి దేవుని గూటిలో ఉంచడం మన పెద్దల ఆచారం. ఆ ముడుపు ఎన్నేళ్లయినా అక్కడే ఉంటుంది. కీమో తేదీ అలా ఆగదు.

రైలులో వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చికిత్సకు ప్రయాణించే క్యాన్సర్ రోగికి స్లీపరు, మూడవ తరగతి ఏసీలలో టికెట్టు పూర్తిగా ఉచితం. తోడుగా వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉంటుంది. ఆసుపత్రిలో నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం రాయించుకుని రిజర్వేషన్ కౌంటరులో చూపాలి.