లెక్కలోకి రాని కార్డు

ముందు లెక్క చెబుతాను. ఒక దేశం తరఫున నలుగురు ఆడారనుకోండి. ఆ రోజు వాళ్ల స్కోర్లు 71, 74, 75, 83. గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోకులతో ముగించినవాడిదే పైచేయి. అందుకని మంచి స్కోర్లు మూడూ కలిపి ఆ దేశానికి 220 అని రాస్తారు. 83 పక్కకు పోతుంది. మర్నాడు మళ్లీ నలుగురూ ఆడతారు. నిన్న 83 చేసినవాడే ఇవాళ 69తో వస్తే, జట్టును నిలబెట్టింది అతనే అవుతాడు. ఇలా నాలుగు రోజులు, రోజుకు 18 హోళ్లు. ప్రైజ్ మనీ కోసం ఆడని అమెచ్యూర్ల ప్రపంచ టీమ్ ఛాంపియన్‌షిప్ 1958లో ఈ పద్ధతిలోనే మొదలైంది. పురుషుల విభాగంలో గెలిచిన దేశానికి ఇచ్చేదే ఐసెన్‌హోవర్ ట్రోఫీ.

హైదరాబాద్‌లో అమెచ్యూర్ పోటీలు జరిగినప్పుడు స్కోరు కార్డులు సరిచూసే బల్ల దగ్గర కూర్చుంటాను. ఆట పాడైనవాడు కార్డు ఇచ్చేటప్పుడు తలెత్తడు. అతని గొడవ అతనిదే, పంచుకునేవాళ్లుండరు. టీమ్ పోటీలో అలా కాదు. తన కార్డు లెక్కలోకి వస్తుందో రాదో ఆడుతున్నంతసేపూ ఎవరికీ తెలియదు. వెనకాల వస్తున్న తోటివాడు చివరి రెండు హోళ్లలో తడబడితే, పనికిరాదనుకున్న 78 కాస్తా జట్టుకు దిక్కవుతుంది. అందుకే ఎవరూ మధ్యలో చేతులెత్తేయడానికి వీల్లేదు. ఈ పోటీలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఇలాంటి పోటీ పెట్టాలన్న ఆలోచన అమెరికా, బ్రిటన్ గోల్ఫ్ పెద్దలది. 1958 మేలో 35 దేశాల ప్రతినిధులు వాషింగ్టన్‌లో కలిశారు. అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గోల్ఫ్ అంటే ప్రాణం. వైట్‌హౌస్‌లో తనను కలిసిన ప్రతినిధులకు ఆయనొక సలహా ఇచ్చారు: మేటి ఆటగాళ్లతో పాటు మామూలు ఆటగాళ్లనూ వెంట తీసుకెళ్లి ఆడించండి, అప్పుడు గెలుపోటములు మరీ పెద్ద విషయం కాకుండా పోతాయని. ఆ సలహా అమలు కాలేదు గానీ ట్రోఫీకి ఆయన పేరు నిలిచింది.

ఆ అక్టోబరులోనే స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్, ఓల్డ్ కోర్సులో 29 దేశాలు దిగాయి. అమెరికా జట్టుకు ఆడని కెప్టెన్‌గా బాబీ జోన్స్ వచ్చాడు. పోటీల్లో ఆడినంతకాలం అమెచ్యూర్‌గానే ఉండి, 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లు గెలిచిన మనిషి. వెన్నుపాము జబ్బుతో నడక కష్టమై, కోర్సంతా చిన్న బండిలో తిరిగాడు. ఆ ఊరు ఆయనకు పౌరసత్వ గౌరవం ఇచ్చింది. అమెరికన్లలో అంతకుముందు అది దక్కింది బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కే, 1759లో.

ఇక పోటీ. నాలుగు రోజుల ఆట ముగిసేసరికి ఆస్ట్రేలియా 918, అమెరికా కూడా 918. బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టు 919. నాలుగు రోజులు, రోజుకు మూడు కార్డులు, మొత్తం పన్నెండు కార్డులు కూడినా మూడు జట్లకీ మధ్య ఒక్క స్ట్రోకే తేడా! ఆ అంకెలు చదివినప్పుడల్లా, ఆ సాయంత్రం ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎన్నిసార్లు తిరిగి కూడి ఉంటారో అనిపిస్తుంది నాకు. మరో 18 హోళ్లు ఆడించి తేల్చారు. 222–224తో ఆస్ట్రేలియా గెలిచింది. డగ్ బాక్లీ, బ్రూస్ డెవ్లిన్, బాబ్ స్టీవెన్స్, పీటర్ టూగుడ్: తొలి ట్రోఫీ ఈ నలుగురిదీ.

రెండేళ్లకు, 1960లో, అమెరికాలోని మెరియన్‌లో కథ పూర్తిగా వేరు. ఇరవై ఏళ్ల జాక్ నిక్లస్ 66, 67, 68, 68 చేశాడు. మొత్తం 269. పదేళ్ల ముందు అదే మెరియన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచిన బెన్ హోగన్ స్కోరు 287. కోర్సు తయారీ రెండుసార్లూ ఒకేలా ఉండదు కాబట్టి ఈ పోలికను నేను మరీ సాగదీయను. అమెరికా 42 స్ట్రోకుల తేడాతో గెలిచింది.

టైగర్ వుడ్స్ కూడా ప్రొఫెషనల్ కాకముందు, 1994లో, ఫ్రాన్స్‌లో గెలిచిన అమెరికా జట్టులో ఆడినవాడే.

2002 నుంచి జట్టుకు ముగ్గురే. రోజుకు రెండు మంచి స్కోర్లు కలుపుతారు. నలుగురు మేటి ఆటగాళ్లను కూడగట్టలేని దేశాలకు ఇది మేలే. ఆ తర్వాతి విజేతలను చూడండి: 2006లో నెదర్లాండ్స్, 2010లో ఫ్రాన్స్, 2018లో డెన్మార్క్, 2022లో ఇటలీ. అయినా నా ఓటు నలుగురికే. ఒక్కరి చెడ్డరోజును కాచుకోవడానికి ముగ్గురుండే ఆట, ఇద్దరే ఉండే ఆట ఒకటి కావు.

మన దేశానికి అమెచ్యూర్ టీమ్ గోల్ఫ్‌లో పెద్ద పండగ 1982 ఢిల్లీ ఆసియా క్రీడలు. ఆ క్రీడల్లో గోల్ఫ్ పెట్టడం అదే మొదలు. జట్టుగా మనకు స్వర్ణం వచ్చింది. వ్యక్తిగతంగా లక్ష్మణ్ సింగ్ స్వర్ణం, రాజీవ్ మోహతా రజతం గెలిచారు. వీళ్లతో ఆడిన రిషి నారాయణ్, అమిత్ లూత్రాల పేర్లు మన పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా? జట్టు పతకం వాళ్లది కూడా. పిల్లల పోటీలు జరిగినప్పుడు ఆ నాలుగు పేర్లూ కలిపే చెబుతుంటాను.