కెమెరా ఎక్కడ పెట్టాలి?

మాయాబజార్ (1957)లో పడవ మీద వెన్నెల అందరికీ గుర్తే. తీసిన కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారి పేరే తెలీదు.

ఆదివారం మేడంగారి ఫోనుతో నేర్చుకున్నాం. తాండవ ఏరు, వంతెన, అవతల తుని అన్నీ కనపడితే లాంగ్ షాట్. మొహం ఒక్కటే నిండితే క్లోజప్. ఉన్నచోటే కెమెరాని పక్కకి తిప్పితే పాన్, పైకీ కిందికీ వంచితే టిల్ట్. మెల్లగా తిప్పాలి. నేను గబగబా తిప్పేస్తే వంతెన గీతల్లాగ వచ్చింది, ఒకటే నవ్వులు!

అసలు సంగతి యాంగిల్. పైనుంచి తీస్తే మనిషి చిన్నగా, కిందనుంచి తీస్తే పెద్దగా కనపడతారు. వేసవి సెలవుల్లో మా ఊరొచ్చిన ఎవరో, కూర్చుని చింతపిక్కలు తీస్తున్న మా అమ్మని నిలబడే తీశారు. అందులో అమ్మ భయపడినట్టుంది. అమ్మ ఎవరికీ భయపడదు. ఈసారి నేను పక్కన చతికిలబడి, అమ్మ కళ్ల ఎత్తులోనే పెట్టి తీస్తాను.